ప్రమోషన్ పాఠం

"కంపెనీ సేఫ్టీ బెల్టు ఇవ్వలేదు, మనిషి పైనుంచి పడి చచ్చాడనుకో. నేను వాడి పెళ్ళాన్ని. తప్పు వాడిదేనని నమ్మించు," అన్నాడు గల్ఫ్ కంపెనీ పెద్ద లాయరు నిత్యానందం.

ప్రమోషన్ కోసం ఆయన దగ్గర తర్ఫీదు పొందుతున్న రిచర్డ్ గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆయనే బెల్టు పెట్టుకోలేదు."

"కళ్ళలోకి చూసి చెప్పాలి."

మళ్ళీ చెప్పాడు.

"భేష్‌రా అబ్బాయ్! ఇక పరీక్షే."

"ఎప్పుడు సార్?"

"ఇప్పుడే. పొద్దున సైటులో నిజంగానే ఒకడు అలాగే పడి చచ్చాడు. మీరుండే అల్ ఖోర్ మనిషే." నిత్యానందం బెల్లు నొక్కాడు.

తలుపు తోసుకుని రెజీనా వచ్చింది. ప్రతి శుక్రవారం సెలవునాడు రిచర్డ్ ఇంట్లో ప్రార్థనకి పాటలెత్తుకునేది ఆమే.

"నువ్వున్నావా అన్నయ్యా! మా ఆయనకి ఏమైందో ఎవరూ చెప్పట్లేదు. నువ్వైనా నిజం చెప్పు."

ఎప్పుడూ చెల్లీ అని పిలిచే రిచర్డ్, ఆమె కళ్ళలోకి చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా..." అన్నాడు.