అన్నిటికీ ‘లేదు’

“వచ్చేసింది మళ్ళీ పెత్తనాల పిన్ని!” పళ్ళు నూరింది రిసెప్షన్ అమ్మాయి.

ఆవిడ పేషెంటు కాదు. పేషెంటు తాలూకు మనిషీ కాదు. రోజూ తొమ్మిదింటికి వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. పదింటికి డాక్టరుగారు వచ్చేలోపు మాయం.

ఆ గంటలోనే అందరి ట్యాబుల్లోనూ తల దూర్చేస్తుంది.

ఆ ట్యాబులంటే రిసెప్షన్ అమ్మాయికి ప్రాణం. పేషెంట్లే తమ వివరాలు నింపితే అవి నేరుగా డాక్టరుగారి కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. ఈ కొత్త పద్ధతి కోసమే ఆమెను తీసుకున్నారు, నెల గడువు పెట్టి. పద్ధతి నిలబడితేనే ఉద్యోగం. ఇంకా వారం ఉంది.

“బాబాయ్‌గారూ, నిద్రకి ఇబ్బంది ఉందా అంటే ‘లేదు’ నొక్కేశారేం?”

“నాకేం ఇబ్బందమ్మా! మంచమెక్కితే గురకే.”

“మరి తెల్లారకుండానే పాల బూత్ దగ్గర మీరే ముందుంటారేం?”

“మోకాళ్ళు సలుపుతుంటే ఏం చేయను? లేచి నడుస్తా.”

“ఆ ముక్కే రాద్దాం.”

పక్కనున్నావిడ ‘వాడుతున్న మందులు’ దగ్గర కూడా ‘లేదు’ నొక్కింది.

“నీ బ్యాగులో ఆ సీసా ఏంటే?”

“అది మందేంటి పిన్నీ! మా తోడికోడలిచ్చిన నొప్పి గోళీలు.”

బెంచీ అంతా ఘొల్లుమంది.

డాక్టరుగారికైతే ఒకటే సంబరం. “భలే వస్తున్నాయమ్మా నీ ఫారాలు! పేషెంటు లోపలికొచ్చేసరికే సగం సంగతి తెలిసిపోతోంది.”

అమ్మాయి గాల్లో తేలిపోయింది. మర్నాడే వెళ్ళి పిన్ని ఎదురుగా నిలబడింది.

“ఇవి పేషెంట్ల సొంత విషయాలండీ. బయటివాళ్ళు చూడకూడదు. రేపట్నుంచి రాకండి.”

బాబాయ్‌గారు ఏదో అనబోయారు. పిన్ని కళ్ళతోనే వద్దంది.

“నిజమే తల్లీ. నాకే తోచాల్సింది.” చెప్పులు వేసుకుంటూ గొంతు తగ్గించింది. “ఆ మూల తాతగారికి అక్షరాలు ఆనవు. పెద్దవి చేసివ్వు. అడగాలంటే నామోషీ ఆయనకి.”

వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫారాలు చకచకా వచ్చేశాయి. లేదు. లేదు. లేదు. అన్నిటికీ లేదు. త్వరగా నింపేస్తే త్వరగా పిలుస్తారని అందరూ అదే నొక్కేస్తున్నారు.

మూడో రోజు డాక్టరుగారు పిలిచారు.

“ఏంటమ్మా ఇది? ఊళ్ళో రోగాలన్నీ ఒక్కసారే నయమైపోయాయా? ఇందాక వచ్చినావిడకి పడని ఇంజెక్షన్ ఇవ్వబోయాను. ఆవిడకే గుర్తొచ్చి అరిచింది కాబట్టి సరిపోయింది. ఫారంలో మాత్రం ‘లేదు’!”

అమ్మాయికి ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోతే పోయిందని ఉన్నదంతా చెప్పేసింది.

“అది నా గొప్ప కాదు సార్. ఒక పిన్నిగారు రోజూ వచ్చేవారు. ముందు మనిషి మొహం చూస్తారు, తర్వాతే ట్యాబు చూస్తారు. నేనే రావద్దన్నాను.”

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “రోజూ వచ్చేదా?”

“మీకు తెలుసా సార్? ఇల్లెక్కడో చెప్పండి, కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను.”

“లేదమ్మా. పొద్దున్న బస్సుకే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక అక్కడే ఉంటుందట. నిన్న ఫోన్ చేసి, ‘ఆ కొత్త పిల్ల చురుకైనది, కాస్త తడబడినా తీసేయకండి’ అంది. నువ్వు ఆవిడకెలా తెలుసా అనుకున్నాను.”

“ఎవరు సార్ ఆవిడ?”

ఆయన ఆమె వైపు చూడలేకపోయారు.

“ఇరవై రెండేళ్ళు నీ కుర్చీలో కూర్చుని ప్రతి పేషెంటు సంగతీ అడిగి రాసిపెట్టిన మనిషి, ట్యాబులొచ్చాయి, ఇక మీతో పనిలేదని నెల కిందట నేనే ఇంటికి పంపేశాను.”