కాకూ పాస్ చేసిన లెన్స్

"రెండు కళ్లది వద్దు తల్లీ. షటర్ ఈడుస్తోంది, విను."

కెమెరాలు బాగుచేసే ఫటిక్ కాకూ, తోర్షాకి బాబాయిలాంటివాడు, ఆ రెండు లెన్సుల కెమెరాని ఆమె చెవి దగ్గర పెట్టి నొక్కాడు. ఆమెకి తేడా ఏమీ తెలియలేదు. అయినా తలూపింది.

"పైగా దీనికి లెన్స్ మార్చడం కుదరదు. పెళ్లిలాంటిదే, ఉన్నదాంతో సర్దుకుపోవాలి."

ధర్మతలా బజారు వెనక కెమెరాల గల్లీ అది. శీల్ బాబు దుకాణంలో గల్లా మీద మూడు పాత కెమెరాలు వరసగా ఉన్నాయి. మూడూ పెద్ద ఫిల్ము పట్టేవే. ఈ జాతిలో కొత్తది కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. పాతది కొనడానికే తోర్షా తన డిజిటల్ కెమెరా అమ్మేసింది.

అదంతా కుందరాణి కోసం. జాత్రా నాటకాల్లో బతుకంతా రాణి వేషాలు కట్టిన మగమనిషి. ఇప్పుడు ముసలితనం వచ్చి మానేశాడు. తోర్షా కాళ్లావేళ్లా పడితే చివరిసారిగా ఒక్కసారి కట్టుకుంటానన్నాడు. ఫోటోలు తీయించుకున్న మర్నాడే చీరా కిరీటం గంగలో కలిపేస్తానని అమ్మవారికి మొక్కుకున్నాడు కూడా. ఆ ముఖంలోని ముడతలన్నీ గోడంత ప్రింటులో కనపడాలని తోర్షా పంతం. ఒక గ్యాలరీ వాళ్లు గోడ ఇస్తామని మాటిచ్చారు.

కాకూ రెండోది అందుకుని పిడి తిప్పాడు.

"రష్యాది. మనిషి మంచివాడే, పళ్లరిగిపోయాయి. బొమ్మ మీద బొమ్మ ఎక్కించేస్తాడు."

"అన్నిటికీ వంకలు పెడితే నేనేం అమ్ముకోను ఫటిక్ బాబూ?" అన్నాడు శీల్ బాబు.

మూడోది జపానుది. లెన్స్, ఫిల్ము డబ్బా, పైనుంచి చూసే అద్దం, అన్నీ ఊడదీసి మార్చుకోవచ్చు. కాకూ బొటనవేలితో దాని కీళ్లన్నీ తడిమాడు. డబ్బా తెరిచి వాసన చూశాడు. షటర్‌ని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ నొక్కాడు.

"ఇది తీసుకో. ముందు ఒక్క లెన్స్‌తో మొదలుపెట్టు. రేపు చేతిలో డబ్బులాడితే ఇంకోటి కొనుక్కుందువు. ఏదీ, లెన్స్ మీద నంబరు చదువు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాను."

తోర్షా చదివింది.

"ఆ కంపెనీ మంచి రోజుల్లో చేసిన సరుకు," అని లెన్స్ ఊడదీసి గుమ్మం వైపు ఎత్తాడు. ఒక కన్ను మూసుకుని మెల్లగా తిప్పాడు. శీల్ బాబు ఊపిరి బిగబట్టాడు.

"మచ్చ లేదు. కళ్లు మూసుకుని తీసుకో."

ఆ గల్లీలో ఒక మర్యాద ఉంది. ఫటిక్ కాకూ ఎత్తి చూసిన లెన్స్‌ని ఇంకెవరూ మళ్లీ ఎత్తి చూడరు. చూస్తే ఆయన ముఖాన ఉమ్మినట్టే. తోర్షా వాళ్ల నాన్న స్టూడియో నడిపిన రోజుల నుంచీ అంతే. ఆమెకి ఫిల్ము ఎక్కించడం నేర్పింది కూడా కాకూనే. అందుకే లెన్స్ వైపు కన్నెత్తకుండా సంచీలో పెట్టుకుంది.

కుందరాణి వేషం కట్టాడు. అద్దంలో చూసుకుని ఏడ్చాడు, నవ్వాడు, సింహాసనం మీద కూర్చున్నట్టు చెక్కకుర్చీలో కూర్చున్నాడు. కెమెరా అద్దంలో బొమ్మ కాస్త మసగ్గా కనిపించినా పాతది అంతేననుకుని తోర్షా ఉన్న ఫిల్మంతా తీసేసింది. మర్నాడు చీరా కిరీటం గంగలో కలిసిపోయాయి.

ఆ తర్వాత కడగడానికిచ్చిన ఫిల్ములు తిరిగొచ్చాయి. ఏ బొమ్మలోనూ రాణి లేదు. పాలు ఒలికినట్టు తెల్లటి మసక, దాని వెనకెక్కడో ఒక కిరీటం.

తోర్షా అప్పుడు మొదటిసారి లెన్స్‌ని కిటికీకెత్తి చూసింది. గాజు లోపల సాలెగూడులా బూజు అల్లుకుపోయి ఉంది. చిన్నపిల్లకైనా కనపడేంత బూజు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఆమె నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నేరుగా శీల్ బాబు దగ్గరికే వెళ్లింది.

"కాకూ పాస్ చేసిన సరుకు దిదీ. నన్నంటే ఎలా?" అన్నాడాయన, టీ గ్లాసులోకి చూస్తూ.

గల్లీ చివర మెట్ల కింద కాకూ పనిచేసుకునే మూల. పట్టపగలే మసకగా ఉంటుంది. ఆయన వంగి ఏదో మర బిగిస్తున్నాడు.

"ఎవరూ?"

"నేనే, తోర్షాని."

"రా తల్లీ, రా! మీ రాణిగారు ఫోటోల్లో ఎలా వచ్చారు?"

"శీల్ బాబు ఎంతిచ్చాడు కాకూ?"

"దేనికి?"

"తడిగుడ్డతో నా గొంతు కోసినందుకు! లెన్స్ నిండా బూజు. మచ్చ లేదన్నావు. మా నాన్న నిన్ను సొంత తమ్ముడి కంటే ఎక్కువ చూసుకున్నాడు. ఇంకెవరైనా మోసం చేసుంటే పోనీలే అనుకునేదాన్ని. నువ్వు చేశావు. ఆ మనిషి ఇక వేషం కట్టడు కాకూ!"

 పక్క దుకాణాల వాళ్లు వచ్చి గుమిగూడారు. కాకూ చేతిలోని మర బల్ల మీద పడేశాడు.

"నేనా? ఈ గల్లీలో ఎవడి దగ్గరైనా చెయ్యి చాపానేమో అడుగు! ఏదీ, ఇటివ్వు."

లెన్స్ లాక్కుని పంచె చెంగుతో తుడిచాడు. బల్ల మీది లాంపు మెడ తనవైపు వంచి టక్కుమని స్విచ్ నొక్కాడు. లెన్స్‌ని దాని ముందు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఎక్కడే బూజు? మచ్చ లేదు, గీత లేదు. ఇంత వెలుగులో కూడా నీకు బూజే కనపడుతోందంటే, చూపించుకోవాల్సింది నీ కళ్లు, లెన్స్ కాదు!"

తోర్షా లాంపు వైపు చూసింది. బల్బు ఎప్పుడో మాడిపోయినట్టుంది, అది వెలగనే లేదు.