ఐదుకి అర మార్కు

“మొత్తానికి దాన్ని చంపించేశాను పిన్నీ,” అన్నాడు మార్కులాయన, బట్టల సంచి ఇస్త్రీ బల్ల మీద పడేస్తూ.

ఇస్త్రీ పెట్టె ఆగింది. “ఎవర్ని?” అంది ఆవిడ.

“ఆరున్నర సీరియల్లో చిన్నకోడల్ని. ఇవాళే ఆఖరు. మేడ మీంచి పడి చస్తుంది.”

అతను పనిచేసేది కళ్లద్దాల షాపులో. బతికేది మాత్రం తెర మీద. ఖాళీ దొరికితే చాలు, ఫోన్లో సినిమాలనీ పాటలనీ సీరియళ్లనీ ఉతికి ఆరేస్తాడు. దేనికైనా ఐదుకి ఇన్నని మార్కులు వెయ్యందే నిద్రపట్టదు. హీరో నడిచి రావడానికే గంట పడితే వాణ్ణి బస్సెక్కి రమ్మనండి అన్నాడు. ఈ కాలం పాటలు విన్నాక పక్కింటి మిక్సీ మీద కోపం పోయిందన్నాడు. బావమరిది పెళ్లి వీడియోకి రెండున్నర వేసి, అత్తారింటి గుమ్మం ఎక్కే యోగం పోగొట్టుకున్నాడు. అయినా అతని మాట వినేవాళ్లు నలభై వేల మంది. వాళ్లందర్నీ నెల రోజులుగా ఎగదోసి ఆ చిన్నకోడలి మీద పడ్డాడు. ఏడవాల్సిన చోట కళ్లు పెద్దవి చేస్తుంది, భయపడాల్సిన చోట ఇంకా పెద్దవి చేస్తుంది, ఐదుకి అర మార్కు, అదీ జాలిపడి. ఆ గోల పడలేక ఛానెల్ వాళ్లు పాత్రనే లేపేస్తున్నారు.

“చంపొద్దని రాయి అబ్బాయ్,” అంది ఆవిడ.

అతను నవ్వాడు. ఆ సీను ఎప్పుడో తీసేశారని, ఇక టీవీలో వెయ్యడమే మిగిలిందని చెప్పాడు.

“అయితే బతికించి తెమ్మని రాయి. అదే సీరియల్లో పెద్దాయన్ని దహనం చేశాక కూడా లేపుకొచ్చారుగా. నీ మాట వింటారు. ఒక్క మంచి ముక్క రాయి, నీకు పుణ్యముంటుంది.”

ఆవిడ ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా అదే బల్ల, అదే పెట్టె. ఒక్క బట్ట కాల్చిందన్న మాట లేదు. కూతురు ఇల్లొదిలి ఏడేళ్లయింది. తల్లి అనరాని మాటేదో అందని, పిల్ల పంతం పట్టిందని వీధిలో అనుకుంటారు. మొహం మీద అడిగితే మాత్రం, “రోజూ మాట్లాడుతుందిగా,” అంటుంది. ఆవిడకి ఫోను లేదని అందరికీ తెలుసు. పాపమని ఎవరూ రెట్టించరు. ఒంటరి మనిషికి సీరియల్ వాళ్లే చుట్టాలు కాబోలు, పోయేవాళ్ల మీద బెంగ పెట్టుకుంది అనుకున్నాడు మార్కులాయన.

కానీ చూడందే బెంగేమిటి? టీవీ ఉండేది ఆవిడ వెనక, గూట్లో. ఆరున్నరకి పెడుతుంది, వీపు తిప్పుతుంది, వీధి వైపు నిలబడి ఇస్త్రీ చేసుకుంటుంది. ఇటు తిరగొచ్చుగా అని ఎవరన్నా అంటే బట్ట కాలుతుంది అంటుంది.

“అసలు దాని మొహం ఎప్పుడన్నా చూశావా పిన్నీ?”

“మొహంతో నాకేం పని?”

“సరిపోయింది. నటించేది మొహమేగా. దానికి మన భాష కూడా రాదు. డబ్బింగ్ వాళ్లెవరో గాజు గదిలో నిలబడి, దాని పెదాలకి తగ్గట్టు అరిచి పోతుంటారు.”

“వాళ్ల పేరు వెయ్యరా?”

“భోజనం క్యారేజీలు తెచ్చినాయన పేరైనా వేస్తారు గానీ వాళ్లది వెయ్యరు.”

లోకం తీరే అంత. దండలు మొహానికి, కూలి గొంతుకి. చొక్కా తొడుక్కున్నవాణ్ణి చూసి దొరలా ఉన్నాడంటారు గానీ, ఆ మడత ఎవరు పెట్టారని ఎవడడిగాడు?

ఆరున్నరైంది. ఆవిడ టీవీ పెట్టి, చెవులు చిల్లులు పడేంత సౌండు పెంచి, అతని నీలం చొక్కా బల్ల మీద పరిచింది. మార్కులాయన గోడకి ఆనుకుని, గెలిచినవాడి దర్జాతో చూస్తున్నాడు. మేడ మీద చిన్నకోడలు గోడ అంచున నిలబడి ఏదో చెబుతోంది. కళ్లు పెద్దవి చేసింది.

“చూశావా, ఆ కళ్లు...”

“నోర్ముయ్,” అంది ఆవిడ, మెల్లగా.

జన్మలో ఆవిడ నోట అలాంటి మాట వినలేదు అతను. ఆవిడ వైపు తిరిగాడు. ఇస్త్రీ పెట్టె చొక్కా వీపు మీద ఉంది. కదలడం లేదు.

తెర మీద ఆ పిల్ల కాలు జారింది.

“అమ్మా...”

కింద పడేలోపే దాని పెదాలు మూతబడ్డాయి. అరుపు మాత్రం ఆగలేదు. ఎక్కడో గాజు గదిలో ఎవరో ఆపలేకపోయినట్టు, తెరతో పని లేనట్టు, ఇంకా సాగింది. మార్కులాయనకి ఎన్ని మార్కులో తోచలేదు.

కాలిన వాసన. “పిన్నీ, చొక్కా,” అన్నాడు.

ఆవిడకి వినపడలేదు. ఆ సీరియల్ మొదలైన రెండేళ్లలో, అది వచ్చే వేళ మొదటిసారి టీవీ వైపు తిరిగింది. కళ్లు మాత్రం గట్టిగా మూసుకునే ఉంది. సబ్బు ప్రకటన వస్తున్న ఆ డబ్బా మీద చెయ్యి వేసి,

“ఇక్కడే ఉన్నానే తల్లీ,” అంది. “ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఇంటికి రావే.”