పదకొండో వరుస

"టీ చల్లారిపోతోందండీ, ప్రొఫెసరుగారూ" అన్నాడు సంపాదకుడు.

ఎదురు కుర్చీలో ఉన్న పెద్దమనిషి కప్పు ముట్టుకోలేదు. కంటి ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానని, మీ జర్నల్లో వచ్చిన వ్యాసం గురించి ఒకసారి కలవాలని పొద్దున ఫోన్ చేసింది ఆయనే. చక్కగా కుట్టిన చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి. ఆఫీసు అమ్మాయి ఆయన్ని దగ్గరుండి తీసుకొచ్చి కూర్చోబెట్టి మరీ వెళ్ళింది. చెప్పకుండానే పిల్ల మర్యాదలు నేర్చుకుందని సంపాదకుడు లోలోపల మెచ్చుకున్నాడు.

పెద్దమనిషి కళ్ళు సంపాదకుడి తల మీదుగా వెనక గోడ మీద నిలిచి ఉన్నాయి. ఆ గోడకు అద్దం కట్టించిన గ్రాఫు వేలాడుతోంది.

"వచ్చినవాళ్ళంతా ఆ గీత దగ్గరే ఆగిపోతారు లెండి" అన్నాడు సంపాదకుడు హుషారుగా. "అది మా ఇంపాక్ట్ ఫాక్టర్. మా వ్యాసాల్ని మిగతా పరిశోధకులు తమ రాతల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారో ఆ లెక్క. మూడేళ్ళ కిందట మమ్మల్ని అడిగే నాథుడు లేడు. మీరు మాట్లాడాలన్న ఆ ఒక్క వ్యాసంతో ఎక్కడికో వెళ్ళిపోయాం."

చూపు మెల్లగా మసకబారిపోయే జబ్బుకు కొత్త ఇంజెక్షన్ గురించిన వ్యాసం అది. ఇరవై మంది రోగులకు ఇచ్చారు, ఇరవై మందికీ చూపు తిరిగొచ్చిందని రాశారు.

"అందులో తప్పుందండీ" అన్నాడు పెద్దమనిషి నెమ్మదిగా.

"కాయలున్న చెట్టుకే కదండీ రాళ్ళు పడేది. మేం పైకొచ్చిన దగ్గర్నుంచీ ప్రతివాడూ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. సరే, ఎక్కడుంది తప్పు?" సంపాదకుడు వ్యాసం ప్రతిని ముందుకు తోశాడు.

ఆయన దాని జోలికి పోలేదు. "అక్కర్లేదండీ, నోటికి వచ్చు. రెండో పట్టిక, పదకొండో వరుస. నలభై ఆరేళ్ళ మగమనిషి, టైలర్. ఇంజెక్షన్ తర్వాత చార్టులో ఆఖరి వరుస కూడా చదివాడని రాశారు. చదవలేదండీ. అంతకుముందు తిప్పలు పడైనా సూదిలో దారం ఎక్కించుకునేవాడు. ఇంజెక్షన్‌తో అదీ పోయింది."

పట్టికలతో సహా అప్పజెబుతున్నాడంటే గట్టివాడే తగిలాడనుకుని సంపాదకుడు కుర్చీలో సర్దుకున్నాడు.

"మీకెవరు చెప్పారండీ?"

"ఆ మనిషిని బాగా ఎరుగుదును."

"అంటే మీ పేషెంటా?"

పెద్దమనిషి సంచి అంచు కుట్టును వేలితో మెల్లగా నిమురుతున్నాడు.

"మీరు కాబట్టి కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. పోయిన నెల ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళాయన ఆ ఇరవై మందిలో ఒకడట. ఒకటే ఏడుపు. రోగుల గోడు వేసుకోడానికి ఇది వారపత్రిక కాదమ్మా, చదువుకున్నవాళ్ళెవరైనా వస్తే వింటానని చెప్పి పెట్టేశాను."

కుట్టు మీద వేలు ఆగిపోయింది.

"ఈ వ్యాసాన్ని రెండు వందల మంది ప్రస్తావించారటగా. వాళ్ళలో ఒక్కరైనా ఆ టైలర్ని పిలిచి అడిగారాండీ?"

సంపాదకుడు నవ్వేశాడు. "ప్రస్తావించేముందు చదవడమే ఎక్కువండీ, ఇంక అడగడం కూడానా? ఒకడు రాస్తే పదిమంది ఎత్తి రాస్తారు. మీకు తెలియనిదేముంది."

"వచ్చే వారం నుంచి మా ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ పిల్లలకు మొదలుపెడుతున్నారు. ఇంతమంది ఒప్పుకున్న వైద్యమని మీ జర్నల్ పేరే చెబుతున్నారు. పిల్లలు ఆ బెంచీల మీద పేర్లు రాయించుకుని కూర్చుని ఉన్నారండీ. వాళ్ళకింకా అమ్మ మొహం కనబడుతోంది. వ్యాసంలో తప్పుందని మీరు రెండు ముక్కలు వేస్తే ఆపుతారు."

సంపాదకుడికీ ఒక మనవరాలు ఉంది. కానీ ఈ ఏటి అంకె వచ్చే నెలలో రావాలి. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే గోడ మీది గీత నేలకు దిగుతుంది, యాజమాన్యం జర్నల్‌ను మూసేస్తుంది, ఈ వయసులో తనను మళ్ళీ పిలిచి కుర్చీ వేసేవాడు ఉండడు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

వెనక్కి తిరిగి చూస్తే, పెద్దమనిషి కళ్ళు ఇంకా గ్రాఫు మీదే ఉన్నాయి. నీతులు ఎన్ని చెప్పినా ఈయన మనసూ ఆ అంకె చుట్టూనే తిరుగుతోందన్నమాట. ఆ మాట అనుకున్నాక సంపాదకుడికి కాస్త ప్రాణం తెరిపిన పడింది.

"ఓ పని చేద్దాం" అన్నాడు కిటికీ దగ్గర్నుంచే. "అంకె వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మీరు అభ్యంతరం రాసివ్వండి, వేస్తాను. తిట్టినా పొగిడినా మా వ్యాసాన్ని ప్రస్తావించినట్టే, లెక్కలో ఒకటి పెరుగుతుంది. పామూ చావదు, కర్రా విరగదు."

"ఈలోగా సూదులు పడిపోతాయండీ."

"వైద్యం ఆపడం నా పని కాదు కదండీ."

"తప్పు అచ్చు వేసింది మీరే కదండీ."

సంపాదకుడి గొంతు గట్టిపడింది. "అయితే సాక్ష్యం చూపించండి. మాటలు ఎవరైనా చెబుతారు. ఆ పదకొండో రోగికి చూపు రాలేదని ఇప్పుడు నా ముందు రుజువు చేయండి, ఇవాళే వేస్తాను. ఏమైనా తెచ్చారా?"

"తెచ్చానండీ."

పెద్దమనిషి లేచి నిలబడి సంచిలో చెయ్యి పెట్టాడు. ఏ ఫైలు బయటికొస్తుందోనని సంపాదకుడు కళ్ళజోడు సవరించుకున్నాడు.

పదకొండో రోగి మడతకర్ర విప్పి, గొంతు వినబడిన వైపు తడుముకుంటూ నడిచాడు.