ఉచితంగా దిద్దిన తప్పులు

లొరీన్ హచెట్ పేరు మీద అప్పు తీసుకుని ఆ డబ్బు తన జేబులో వేసుకోవాలని వెండెల్ ప్రూయిట్ నిర్ణయించుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

అమెరికాలోని టొలీడోలో, లాండ్రీకీ డోనట్ల కొట్టుకీ మధ్య ఇరుకు గదిలో అతని ఆఫీసు. క్రెడిట్, అంటే అప్పుల విషయంలో ఉన్న మంచిపేరు, చెడిపోయినవాళ్లకు బాగుచేసి పెడతానని బోర్డు. వచ్చినవాళ్ల దగ్గర ముందే నాలుగు వందల డాలర్లు వసూలు చేసేవాడు. ఈ వ్యాపారంలో పని చేయకముందే డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. వెండెల్ తీసుకున్న తర్వాత కూడా పని చేసేవాడు కాదు.

"నా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు నాయనా," అంది లొరీన్ కుర్చీలో కూలబడుతూ. అరవై నాలుగేళ్ల మనిషి. స్కూలు బస్సు డ్రైవరు. "సరస్సు ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళ్తే పొమ్మన్నారు. అప్పులు ఎగ్గొట్టే మనిషినట నేను!"

వెండెల్ ఆవిడ తెచ్చిన క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పుల చిట్టా, తిరగేశాడు. ఆస్పత్రికి ఆరు వేల నాలుగు వందల ఎగవేత. వాయిదాలు కట్టక జప్తు అయిన కారు. బట్టల దుకాణంలో బాకీ.

"ఆస్పత్రి, కారు జార్జియా రాష్ట్రంలో ఉన్న ఇంకో లొరీన్ హచెట్‌వి. నేను జార్జియా మొహమే చూడలేదు. బట్టల బాకీ ఎప్పుడో తీర్చేశాను. ఇదిగో రసీదు."

ఆ మూడూ తీసేస్తే మిగిలేది ముప్పై ఏళ్ల చక్కటి చరిత్ర. అలాంటి పేరుకు ఏ బ్యాంకైనా కళ్లు మూసుకుని యాభై వేలు ఇస్తుంది. అప్పు దరఖాస్తుకు కావలసిన ఆవిడ సోషల్ సెక్యూరిటీ నంబరు ఎదురుగా ఉన్న ఫారంలోనే ఉంది.

"మీ దగ్గర పైసా తీసుకోనమ్మా," అన్నాడు వెండెల్ గొంతు మెత్తగా చేసుకుని. "మిమ్మల్ని చూస్తే మా అమ్మ గుర్తొస్తోంది."

వాళ్లమ్మతో అతను మాట్లాడి ఆరేళ్లయింది.

రిపోర్టులో తప్పుందని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. అడిగితే ఆ రిపోర్టులు తయారుచేసే బ్యూరోవాళ్లు సాధారణంగా ముప్పై రోజుల్లో విచారించాలి. నిజమని తేల్చలేకపోతే తీసేయాలి. ఇదంతా వెండెల్‌కు కంఠతా వచ్చు. అయినా ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు కూర్చుని రాశాడు.

"ఐదేళ్ల కిందట సోఫా వాయిదా రెండు నెలలు ఆలస్యమైందట," అన్నాడు సంతకం పెట్టించుకోబోతూ. "ఇదీ తప్పేనని రాసేద్దామా?"

"అది నిజమేగా. ఏడేళ్లు నిండితే రిపోర్టులోంచి అదే పోతుంది."

"ఒక్క చిన్న అబద్ధం అమ్మా!"

"సంతకం నాది కదా నాయనా. కొట్టేయ్."

కొట్టేశాడు, పళ్లు నూరుకుంటూ.

నెల తర్వాత జవాబు వచ్చింది. విచారించాం, వివరాలన్నీ సరైనవే అని రెండు వాక్యాలు. వెండెల్‌కు ఒళ్లు మండిపోయింది. "వీళ్లకు చదవడం కూడా రాదా?" అని గదంతా తిరిగాడు. ఇద్దరు లొరీన్‌ల పుట్టిన తేదీలు వేరని చూపించాడు. జార్జియాలో కారు కొన్న రోజున ఈవిడ టొలీడో మంచులో నలభై ఒక్కమంది పిల్లలను బస్సులో బడికి దింపిందని స్కూలు రిజిస్టరు నకలు తెప్పించాడు. ఆస్పత్రికీ, కార్ల కంపెనీకీ విడివిడిగా రాశాడు. బ్యూరో మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడు. స్టాంపుల ఖర్చు కూడా తనదే.

నాలుగో నెలలో మూడు తప్పులూ మాయమయ్యాయి.

లొరీన్ అతణ్ని గట్టిగా కౌగిలించుకుంది. "నా కోసం ఇంత కొట్లాడినవాళ్లు లేరు నాయనా."

వెండెల్ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. కళ్లు తుడుచుకుని, ఆవిడ అటు వెళ్లగానే ఆవిడ పేరు మీద మూడు బ్యాంకులకు అప్పు దరఖాస్తులు పంపించాడు.

మూడూ తిరిగొచ్చాయి. ఈ పేరు మీద ఎవరికీ కొత్త అప్పు ఇవ్వకుండా ఆ పేరుగల మనిషే తన రిపోర్టుకు బ్యూరోలో తాళం వేయించుకుందని జవాబు. వారం తిరగకుండా రాష్ట్ర ప్రభుత్వ అధికారులు ఇద్దరు, ఒక పోలీసు ఆఫీసులో అడుగుపెట్టారు. వాళ్ల వెనకే, ఫిర్యాదు చేసిన లొరీన్.

"తాళం వేయించావా?" అన్నాడు వెండెల్, చేతులకు బేడీలు పడుతుంటే. "ఎప్పుడమ్మా?"

"నీ దగ్గరికి రావడానికి ముందు రోజే నాయనా. అదీ ఉచితమే."

"నీకోసం నాలుగు నెలలు చచ్చేలా పనిచేశానే!"

"ఎవరు కాదన్నారు? నీ ఉత్తరాలు బ్రహ్మాండం. జడ్జిగారికి కూడా అదే చెబుతాను."

అతణ్ని కారెక్కించాక లొరీన్ డోనట్ల కొట్టులో కాఫీ తెచ్చుకుని స్నేహితురాలు వెర్నీస్‌కు ఫోన్ చేసింది. వెర్నీస్ రిపోర్టులోనూ ఎవరిదో బాకీ వచ్చి పడింది.

"ముందు నీ రిపోర్టుకు తాళం వేయించుకో," అంది. "ఆ తర్వాత నిజాయితీగల ఆఫీసుల జోలికి మాత్రం పోకు. మీరే రాసుకోండి, ఉచితం అని పంపేస్తారు. నేను రాస్తే బ్యూరోవాళ్లు పట్టించుకుంటేగా! పేరు మీద కన్నేసినవాడైతే సాధించేదాకా వదలడు. జనాన్ని మోసం చేస్తున్నారని ఫిర్యాదులొచ్చిన ఆఫీసుల జాబితా ప్రభుత్వం పెట్టిందిగా, అందులో మొదటివాణ్ని నేను వాడేసుకున్నాను, నువ్వు రెండోవాడి దగ్గరికి వెళ్లు."