పైడిరాజు పెంచిన చేప

మా చెల్లెలి మొగుడు పైడిరాజు బియ్యం కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు. వెతికేది చెల్లెలు మెడలో వేసుకునే బంగారు నాను కోసం. దొరికితే సాయంత్రానికి పేకాటలో పోతుంది. గాజులు అలాగే పోయాయి.

నేను సముద్రపు నీళ్లు నింపిన అద్దాల తొట్టె పక్కన కూర్చుని చేపను చూస్తున్నాను. చారల ఒళ్లు, విసనకర్రల్లాంటి రెక్కలు, వీపు మీద విషపు ముళ్లు. నౌపడ అవతల రేవులో వలకు చిక్కితే, ముచ్చటగా పెంచుకోమని నేనే తెచ్చిచ్చాను.

"అటక మీద సూసినావేటి బావా?" అన్నాను.

"సూసినాను. పొయ్యిలో బూడిద కూడా తోడినాను."

"అయితే ఈ తొట్టొకటే మిగిలింది. సెయ్యెట్టి సూడు."

వంటింటి గుమ్మంలో చెల్లెలు బిగుసుకుపోయింది.

"ఎకసెక్కాలేటి? ముల్లు గుచ్చితే మనిషి దక్కడని నువ్వే కదా సెప్పినావు!" అన్నాడు పైడిరాజు.

చెయ్యి దులుపుకుని వచ్చి, దూరం నుంచే రెండు రొయ్యలు తొట్టెలోకి విసిరాడు. చేప గబుక్కున అందుకుంది.

"ఈ ఇంట్లో నన్ను మోసం సెయ్యనిది ఇదొక్కటే, బావా" అని నిట్టూర్చి, ఉత్త చేతులతో వీధిలోకి వెళ్లిపోయాడు.

చెల్లెలు పొడుగు గరిటె తెచ్చి, చేప కెలికిన ఇసకను మళ్లీ నాను మీదకు తోసింది.

"నీ నోరు పడిపోనూ! నిజం సెప్పెస్తావేటి అన్నియ్యా?"

"నేను నిజం సెప్తే ఈ ఊళ్లో ఎవులు నమ్ముతారే?"