ఎడమ చక్రం

ఎనభై తొమ్మిది డిసెంబరు. నలభై మంది ప్రయాణికులతో విమానం జూబిలీహిల్స్ మీద మూడో చుట్టు తిరుగుతోంది. ముందు చక్రానికీ, కుడి చక్రానికీ దిగినట్టు పచ్చ దీపాలు వెలిగాయి. ఎడమ చక్రం దీపం మాత్రం వెలగలేదు. చక్రం దించే చేతిపంపు కొట్టీ కొట్టీ కో-పైలట్ రోజలిన్ అరచేతులు బొబ్బలెక్కాయి.

కాళ్ల కింద ఎక్కడో దబ్బుమని చప్పుడైంది.

"ఫ్యూయల్ ఎంతసేపు వస్తుందమ్మా?" కెప్టెన్ సుధాకరరావు అడిగాడు.

"పదిహేను నిమిషాలండీ."

చక్రం దిగిందో లేదో చీకట్లో టవర్‌కి కనబడలేదు. అందుకని టవర్ ఆఫీసరు ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోకి ఫోన్ చేశాడు. వాళ్లు రాత్రి షూటింగ్ ఆపేసి, లైట్లన్నీ ఆకాశంలోకి తిప్పారు. విమానం బాగా కిందికి దిగి ఆ వెలుగులోంచి వెళ్లింది. అక్కడి లైట్‌మన్ తను చూసింది చెబుతుంటే, విమానంలో వినబడేలా ఆఫీసరు ఫోన్‌ని రేడియో మైకుకి ఆనించాడు.

"మూడు చక్రాలు దిగినయ్ సార్. గని ఎడమ దిక్కు మనిషి ఏలాడుతున్నడు. చక్రం ముడుసుకోకుంట రెండు చేతులతోని పట్టుకున్నడు. జర జల్ది దించుండ్రి సార్, పాపం."

రోజలిన్ పంపు వదిలేసింది.

కెప్టెన్ విమానాన్ని రన్‌వే వైపు తిప్పాడు. "బెల్టు పెట్టుకోమ్మా," అన్నాడు. తరవాత కాళ్ల కింది రేకు వైపు వంగి గట్టిగా చెప్పాడు.

"ఎవరివైనా సరే బాబూ, ఇంకో ఐదు నిమిషాలు వదలొద్దు. దిగుతున్నాం."

కింది నుంచి దబ్బుమని ఒక్కసారి జవాబొచ్చింది.